మట్టిగారికి కుర్చీ

మట్టి మామయ్య మనుషులందర్నీ నువ్వంటాడు, మట్టిని మాత్రం మీరంటాడు. ఇందులో నేను ఉప్పూ కారం జల్లిందేమీ లేదు. డైరెక్టర్ని నువ్వంటాడు. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసర్ని నువ్వంటాడు. అద్దంలో తనని తాను కూడా, "ఏరా, గడ్డం గీసుకుని ఎన్నాళ్ళయింది?" అని కసురుకుంటాడు. కానీ ఎవరైనా సీసాలో గుప్పెడు బురద పట్టుకొస్తే చాలు, చొక్కా గుండీలు పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, రెండు చేతులూ జోడించి, "నమస్కారమండీ, దయచెయ్యండి, దారిలో కుదుపులేం లేవు కదా?" అంటాడు. బురద తెచ్చినవాడు ఆ మర్యాద తనకేననుకుని మురిసిపోయి, "ఏం లేవండీ, బస్సు ఖాళీగానే ఉంది" అంటాడు. "నిన్ను కాదోయ్" అంటాడు మామయ్య.

ఈ విడ్డూరాన్ని రోజుకి ఎనిమిది గంటలు భరించే భాగ్యం సొంత మేనకోడలికి పట్టింది. మామయ్య పనిచేసే మట్టి పరీక్షల లాబులోనే ఆవిడా పనిచేస్తుంది. ధాన్యంలో ఏ లోహం ఎంతుందో కొలిచే మిషను ఆవిడ చేతిలో ఉంటుంది. మామయ్యకి మట్టి ఎంతో, మేనకోడలికి సబ్బు అంత. గ్లాసు తోమిందే తోముతుంది, బల్ల తుడిచిందే తుడుస్తుంది, తలుపు గడియకి కూడా స్నానం చేయిస్తుంది. అందుకే మామయ్య ఆవిణ్ణి చిన్నప్పట్నించీ "సబ్బూ" అని పిలుస్తాడు. ఒకే గదిలో ఈ ఇద్దర్నీ పెట్టినవాడెవడోగానీ వాడికి హాస్యం తెలుసు.

"మామయ్యా, ఈ బల్ల మీద బురద ఏంటి?"

"నెమ్మదిగా మాట్లాడవే. ఇప్పుడే కునుకు పట్టింది వాళ్ళకి."

"ఎవరికి?"

"మావాళ్ళకి."

మావాళ్ళంటే మట్టిలో ఉండే సూక్ష్మజీవులు. చెంచాడు మట్టిలో, భూమ్మీద మనుషులెంతమంది ఉన్నారో ఇంచుమించు అంతమంది ఉంటారని మామయ్య చెప్పే లెక్క. "అంతమంది వచ్చి మన గుమ్మంలో నిలబడితే కుర్చీ వెయ్యవా?" అనేవాడు. అనడమేమిటి, వేసేవాడు కూడా. లాబులో మీటింగు జరుగుతుంటే ఒక కుర్చీలో సీసా ఉండేది. ఓసారి కుర్చీలు చాలక డైరెక్టరు గంటసేపు గోడకానుకుని నిలబడ్డాడు. పాపం, ఆయన మామయ్య దగ్గర చదువుకున్నవాడే. సీసాని దించమని నోరు తెరిచి అడగలేకపోయాడు.

ఇంట్లో అత్తయ్య పాట్లు వేరే. ఫ్రిజ్‌లో పై అర ఒక్కటే ఆవిడది. మిగతా అరలన్నీ సీసాలవి. ఆ సీసాలకి ఆవిడ పెట్టిన పేరు ఆడపడుచులు. "మీ అమ్మ నాకు అసలు ఆడపడుచు. ఏడాదికి నాలుగు రోజులొచ్చి, నాలుగు వంకలు పెట్టి వెళ్ళిపోతుంది. ఎంత మంచి మనిషో ఇప్పుడు తెలుస్తోంది. ఈ ఆడపడుచులు కదలరే తల్లీ!" అని మేనకోడలి దగ్గర వాపోయేది.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉండేది, పల్లం పెద్దమ్మ వచ్చేదాకా.

పల్లం పెద్దమ్మది ఊరి చివర ఒకే ఒక్క వరి మడి. అందరి పొలాలకంటే పల్లంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. మడికి ఎగువన, లోహపు సామాన్లకి పూత వేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. అది మూతపడి చాలా ఏళ్ళయింది గానీ, అది కక్కిన నీళ్ళు అన్నేళ్ళూ ఎక్కడికి పోతాయి? పల్లానికే. పెద్దమ్మ ధాన్యంలో కాడ్మియం అనే లోహం ఉందని మేనకోడలి మిషనే మొదట పట్టింది. మిషను తెర మీద ఒక ఎర్ర గీత ఉంటుంది. దాని కింద ఉంటే తినొచ్చు, పైనుంటే తినకూడదు. పెద్దమ్మ ధాన్యం గీతకి చాలా పైన ఉంది. రిపోర్టు మీద సంతకం పెట్టింది మేనకోడలే. ఆ పంటని పైఆఫీసువాళ్ళు తీసుకెళ్ళి పాతిపెట్టించారు. రెండో పంటకీ అదే తంతు. మూడో పంట కూడా గీత దాటితే ఆ మడిలో వరి వెయ్యడానికి ఇక ఎప్పటికీ వీల్లేదని కాగితం పంపించారు.

పెద్దమ్మ ఆ కాగితం పట్టుకుని లాబుకొచ్చి, బెంచీ చివర్న కూర్చుంది. ఏడవలేదు. "నువ్వు తప్పు రాయలేదమ్మా, ఉన్నదే రాశావు" అంది మేనకోడలితో. ఆ మాటకి మేనకోడలు సగం చచ్చిపోయింది. తిడితే బాగుండుననిపించింది.

"ఊళ్ళో ఎలా ఉందండీ?" అనడిగింది, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"ఏముంటుందమ్మా. బట్టలు కుట్టించుకుందామని వెళ్తే, గుమ్మం బయటే పెట్టి వెళ్ళమన్నాడు దర్జీ. మా ఇంట్లో మంచినీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందో ఎవరైనా. విషం పొలం అంటున్నారు. మా నాన్న చేతుల్తో చదును చేసిన మడి అది."

మామయ్య ఆ మాట విన్నాడు. పెద్దమ్మ వెంట తెచ్చిన మట్టి మూటని అందుకుని, కుర్చీలో కూర్చోబెట్టి, "తమరు అలిసిపోయారు, విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. పెద్దమ్మ నోరు తెరుచుకుని చూసింది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఎవరో తన మట్టిని చీదరించుకోకుండా ముట్టుకున్నారు మరి.

రెండో పంట గింజల్ని మడిలో ఒక్కో మూలవి వేరువేరుగా కట్టించి ఉంచాడు మామయ్య. వాటిని విడివిడిగా కొలవమని పోరు పెట్టాడు. "ఎందుకు మామయ్యా, అంతా ఒకే మడి కదా?" అని మేనకోడలు విసుక్కుంటూనే కొలిచింది. అప్పుడు బయటపడింది చిత్రం. ఫ్యాక్టరీ కాలవ వచ్చి పడే మూల ఒకటుంది. మట్టిలో కాడ్మియం అన్నిటికంటే ఎక్కువున్నది అక్కడే. తీరా చూస్తే, గింజల్లో అన్నిటికంటే తక్కువున్నదీ అక్కడే! మేనకోడలు మిషను తప్పేమోనని కడిగింది. మళ్ళీ కొలిచింది. మళ్ళీ కడిగింది. మూడోసారీ అదే అంకె.

"ఇదెలా సాధ్యం?"

మామయ్య కళ్ళు మెరిశాయి. "మావాళ్ళే! ఇన్నేళ్ళు ఆ విషం మధ్యే కాపురం చేశారు. నేర్చుకున్నారు."

ఆ మూలలో ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉంటాయి. నీటి అడుగున గాలి ఉండదు. అక్కడ కొంతమంది కుళ్ళిన గడ్డిని ముక్కలు చేస్తారు. ఆ ముక్కలు తిని ఇంకొంతమంది, మనం గాలి వాడుకున్నట్టు, మట్టిలోని గంధకాన్ని వాడుకుంటారు. వాళ్ళు వదిలేది కుళ్ళిన గుడ్డు వాసన. ఆ వాసనే పోయి కాడ్మియాన్ని పట్టుకుని, కరగని రాయిలా చేసి మట్టిలో కూర్చోబెడుతుంది. రాయిని వరి వేరు తాగలేదు. అంతే సంగతి. ఏ లాబూ చెప్పలేదు, ఏ ఆఫీసూ జీతం ఇవ్వలేదు. కంటికి కనిపించని కోట్లమంది, ఎవరో పారబోసిన పాపాన్ని గింజలోకి పోకుండా చీకట్లో పట్టుకుని కూర్చున్నారు. మేనకోడలు ఆ సాయంత్రం సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి చాలాసేపు తియ్యలేదు. అక్కడ కదులుతున్న చుక్కల్ని చూస్తూ, చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయింది. ఆవిడ జీవితంలో అదే మొదటిసారి.

డైరెక్టరు మాత్రం, "మరి వాళ్ళలో పనిమంతుణ్ణి ఒక్కణ్ణి ఏరి, సీసాలో పెంచి, మడంతా చల్లేస్తే సరిపోతుంది కదండీ?" అన్నాడు.

"చల్లి చూడు" అన్నాడు మామయ్య.

ముందు కుండీలో చల్లారు. ఆ ఒక్క రకం పదిరోజుల్లో జాడ లేకుండా పోయింది. "వండేవాడొకడు, వడ్డించేవాడొకడు, అంట్లు తోమేవాడొకడు ఉంటేనే ఇల్లు నడుస్తుందోయ్. అందర్నీ పిలవకుండా ఒక్కణ్ణి లాక్కొస్తే వాడు మాత్రం ఏం చేస్తాడు? దిగులుతోనే పోయాడు" అని మామయ్య ఆ పూటంతా నల్లచొక్కా వేసుకు తిరిగాడు.

ఆ తర్వాత ఆ మూల బురదని, ఉన్నదున్నట్టు మొత్తం కుటుంబంగా, ఎనిమిది నెలలు పెద్ద సీసాల్లో పెంచాడు. అది చాలదన్నట్టు చిన్న సీసాల్లోకి కూడా పంచి ఊరంతా తిరిగాడు. "మావాళ్ళు కొన్నాళ్ళు మీ ఇంట్లో ఉంటారు, కాస్త చూసుకో" అని దర్జీకి ఒకటి, సైకిల్ షాపతనికి ఒకటి, బడి హెడ్‌మాస్టరమ్మకి ఒకటి, పోస్టుమాస్టరుకి ఒకటి. మొత్తం పద్నాలుగు. ఒక్కోదాని మీద చీటీ: "పల్లం పెద్దమ్మగారి మట్టిగారు. మూత తియ్యరాదు. పొరపాటున తాకితే చేతులు కడుక్కోవాలి. రోజుకోసారి పలకరించాలి." చేతులు కడుక్కోవాలన్న ఒక్క ముక్కా మేనకోడలు పట్టుబట్టి రాయించింది. నెలకోసారి మామయ్యే వెళ్ళి ప్రతి సీసాలో చిటికెడు గడ్డిపొడి వేసి, మూత బిగించి వచ్చేవాడు. ఊరంతా నవ్వింది. నవ్వుతూనే సీసా పుచ్చుకుంది. పిచ్చాయన అడిగితే కాదనడం ఎలా?

ఇంతలో పైఆఫీసువాళ్ళు విషం ఎక్కువున్న మూల అదేనని తెలిసి, లారీతో వచ్చి ఆ మూల మట్టంతా తవ్వి ఎత్తుకుపోయారు. అడ్డం పడదామని మామయ్య వెళ్ళేసరికి లారీ మలుపు తిరిగిపోయింది. ఇక ఆ కుటుంబం మిగిలింది సీసాల్లోనే.

సరిగ్గా నాట్లకి పది రోజులుందనగా వచ్చింది శుక్రవారం. లాబులో ఒక పద్ధతుంది. శుక్రవారం నాడు ఎడమ బల్ల మీదున్న సీసాలన్నీ ఆవిరి డబ్బాలోకి వెళ్ళాలి. అది ప్రెషర్ కుక్కర్‌కి పెదనాన్న లాంటిది. లోపలికెళ్ళిన ఏ ప్రాణీ బతికి బయటికి రాదు. మామయ్య సీసాలు ఎప్పుడూ కుడి బల్ల మీద ఉంటాయి. ఆ రోజు కుడి కిటికీలోంచి ఎండ పడుతోంది, మావాళ్ళకి ఎండ సరిపడదని వాటిని ఎడమ బల్ల మీదకి మార్చి మామయ్య టీకి వెళ్ళాడు. సోమవారం తనిఖీ ఉందని మేనకోడలు హడావుడిగా ఉంది. గది కంపు కొడుతోంది. ఎడమ బల్ల, శుక్రవారం, కంపు. ఇంకేం చూస్తుంది? డబ్బా నింపింది, మీట నొక్కింది.

మామయ్య తిరిగొచ్చేసరికి డబ్బా ఈల వేస్తోంది.

"సబ్బూ, ఎడమ బల్ల మీద మావాళ్ళేరీ?"

మేనకోడలు డబ్బా వైపు చూసింది. తర్వాత మామయ్య వైపు చూసింది. అక్కడే నేల మీద కూలబడింది. "మామయ్యా, చంపేశాను. అందర్నీ ఉడకబెట్టేశాను."

మామయ్య చెప్పులు విప్పి డబ్బా ముందు రెండు నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత బల్ల దగ్గరికెళ్ళి సెలవు కాగితం నింపాడు. కారణం: మరణం. పోయినవారు మీకేమవుతారు: సహోద్యోగులు. ఎంతమంది: లెక్క తెలియదు. డైరెక్టరు ఆ కాగితం చదివి, ఏడవాలో నవ్వాలో తెలియక, మంజూరు చేశాడు.

మేనకోడలికి అన్నం సయించలేదు. కళ్ళు మూస్తే బెంచీ చివర్న పల్లం పెద్దమ్మ. రెండోనాడు పొద్దున్నే మామయ్య వచ్చి, "ఊరకే కూచుంటే ఎలాగే? ఊళ్ళో పద్నాలుగిళ్ళలో ఉన్నారు కదా మావాళ్ళు. వెళ్ళి పిలుచుకురా. తలా నాలుగు చెంచాలు దొరికినా చాలు, డ్రమ్ముల్లో వేసి గడ్డి పెడితే నాట్ల నాటికి పెరుగుతారు" అన్నాడు.

"నువ్వూ రా మామయ్యా."

"నేను సెలవులో ఉన్నాను. మరణం."

వెళ్ళింది. ఆ సీసాలు ఎప్పుడో చెత్తబుట్టలో పడి ఉంటాయని భయం. మొదట దర్జీ. అల్మరాలో పైఅరలో సీసా, దానికి పువ్వుల గుడ్డతో తొడుగు. "చలికాలం కదమ్మా, కుట్టాను" అన్నాడు కాస్త సిగ్గుపడుతూ. సైకిల్ షాపతను రేడియో పక్కన పెట్టుకున్నాడు. "పొద్దున వార్తలంటే వీళ్ళకి ఇష్టం. పాటలొస్తే బుడగలు తగ్గుతాయి" అని పరిశోధన కూడా చెప్పాడు. బడిలో హెడ్‌మాస్టరమ్మ హాజరు పిలిచేటప్పుడు ఆఖర్న "మట్టిగారు" అంటే పిల్లలంతా ఒక్కసారి "ఉన్నారండీ!" అంటారట. పోస్టుమాస్టరు వాళ్ళమ్మ అయితే సీసా ఇవ్వనే ఇవ్వనంది. "నా కోడలి సంగతి చెప్పుకుంటే ఎదురు మాట్లాడకుండా వినేది ఈ ఇంట్లో వీళ్ళొక్కరే. తీసుకుపోతానంటావేంటి?"

మేనకోడలు గుమ్మంలోనే నిలబడి జరిగింది చెప్పింది. తన తప్పు దాచలేదు. పెద్దమ్మకి ఇదే ఆఖరి పంట అని కూడా చెప్పింది.

ముసలావిడ సీసా మీద చీటీ చేత్తో తడిమింది. "రోజూ చూస్తూనే ఉన్నా ఈ పేరు. ఎలా ఉందమ్మా ఆ పెద్దమ్మ?" అనడిగి, "సరే, నీకివ్వను. మేమే తీసుకొచ్చి దిగబెడతాం" అంది. వింతేమిటంటే పద్నాలుగిళ్ళలోనూ ఇంచుమించు అదే మాట. ఇన్నాళ్ళు సాకినవాళ్ళు ఎవరి చేతికో ఇచ్చి ఊరుకుంటారా?

మర్నాడు పొద్దున్న పల్లం పెద్దమ్మ తలుపు తీసేసరికి వాకిట్లో మనుషులు. ఒక్కొక్కరి చేతిలో ఒక సీసా. పువ్వుల తొడుగుతో దర్జీ ముందున్నాడు. ఆవిడ తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఒక్కొక్కరే వచ్చి, సీసా మీద పేరు పైకి చదివి, మేనకోడలు తెచ్చి పెట్టిన డ్రమ్ముల్లో వొంపారు. "పల్లం పెద్దమ్మగారి మట్టిగారు." మళ్ళీ, "పల్లం పెద్దమ్మగారి మట్టిగారు." పద్నాలుగుసార్లు. కుళ్ళిన గుడ్ల కంపు వాకిలంతా కమ్మేసింది. ఎవరూ ముక్కు మూసుకోలేదు. పని అయ్యాక దర్జీ చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, "కాసిని మంచినీళ్ళిప్పిస్తారా పెద్దమ్మా?" అన్నాడు. పెద్దమ్మ లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు గ్లాసు నిండా నీళ్ళున్నాయి, కళ్ళు కడిగి ఉన్నాయి. నీళ్ళు తాగుతూనే దర్జీ, "ఆ రోజు బట్టలు బయట పెట్టమన్నాను. బుద్ధి లేక అన్నాను" అన్నాడు. "ఈసారి లోపలికే తెస్తాలే" అంది పెద్దమ్మ.

వారం రోజులూ ఎవరో ఒకరు వచ్చి డ్రమ్ముల్ని పలకరించిపోతూనే ఉన్నారు. నాట్లనాడు మడంతా ఆ బురద కలిపారు. గింజ పాలు పోసుకుని గట్టిపడేదాకా మడిలో నీళ్ళు ఇంకిపోకుండా పెద్దమ్మ కాపలా కాసింది.

కోతలయ్యాయి. మేనకోడలు గింజలు మిషనులో పెట్టింది. బెంచీ చివర్న పెద్దమ్మ. గోడకానుకుని డైరెక్టరు, ఎందుకంటే కుర్చీలో మడి మట్టి సీసా ఉంది. మామయ్య తెరవైపు చూడనే లేదు, సీసాతో, "కంగారు పడకండి, మీ ప్రయత్నం మీరు చేశారు" అంటున్నాడు.

అంకె వచ్చింది. మేనకోడలు మిషను కడిగింది, మళ్ళీ పెట్టింది. మడి నాలుగు మూలలవీ పెట్టింది. మధ్యవి పెట్టింది.

"ఏమైందమ్మా?" అంది పెద్దమ్మ.

"గీత కింద ఉంది పెద్దమ్మా. అన్నీ కిందే. చాలా కింద."

డైరెక్టరు తెర దగ్గరికొచ్చి చూశాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ చూశాడు. తర్వాత కుర్చీ వైపు తిరిగి, తనకి తెలియకుండానే చేతులు జోడించాడు. పెద్దమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, "మా నాన్న మడి" అంది. మేనకోడలు రిపోర్టు మీద సంతకం పెట్టింది. ఆ ఏడు పెద్దమ్మ ధాన్యం మొదటి బస్తా పోస్టుమాస్టరు ఇంటికే వెళ్ళింది. రెండోది దర్జీకి.

ఆ ఆదివారం మేనకోడలు అత్తయ్య ఇంటికి భోజనానికెళ్ళింది. అన్నం అవే కొత్త బియ్యంతో. నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తీస్తే, కింది అరలో, అన్నిటికీ వెనక, ఒక సీసా. "పల్లం పెద్దమ్మగారి మట్టిగారు. మూల కుటుంబం." కింద తేదీ. ఆవిరి డబ్బా శుక్రవారానికి రెండు నెలల ముందుది.

"అత్తయ్యా, ఇదెప్పట్నించి ఉంది?"

"ఆ ఆడపడుచా? ఆరేడు నెలలవుతోందే. అన్నిటికంటే ముఖ్యమైంది, చెయ్యి పెట్టావో చంపుతానన్నాడు."

మేనకోడలు సీసా పట్టుకుని నేరుగా మామయ్య ముందుకొచ్చింది. "మామయ్యా! ఇది ఉందా? ఇది ఉండగా నన్ను వీధివీధీ తిప్పావా? తలా నాలుగు చెంచాలు చాలన్నావు కదా, ఇందులో ఒక్కదాన్లోనే అరవై ఉన్నాయి! నేను రెండు రోజులు అన్నం తినలేదు, తెలుసా?"

"తెలుసు. అందుకేగా మూడోరోజుకి ఆగకుండా వచ్చాను" అన్నాడు మామయ్య, పప్పు కలుపుకుంటూ. "ఇది ఉందని చెబితే నువ్వు ఇంట్లో కూచునేదానివి. దర్జీ కొట్లో కూచునేవాడు. పెద్దమ్మ తన గుమ్మంలో ఒక్కతే కూచునేది. వడ్లు బాగుపడేవే సబ్బూ. తినేదెవరు?"

మేనకోడలు సీసా మీద చీటీ మళ్ళీ చదివింది. అన్ని నెలలూ సీసాల మీద ఒకే పేరు, రోజుకోసారి పలకరించాలన్న ఆ పిచ్చి షరతు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు వరస కట్టాయి.

"అయితే నువ్వు నిజంగా పిచ్చివాడివి కాదా?" అని గట్టిగా అరిచింది.

"నెమ్మదిగా" అన్నాడు మామయ్య, సీసా వైపు కళ్ళతో చూపిస్తూ. "వింటున్నారు."

మేనకోడలు గబుక్కున గొంతు తగ్గించింది. బల్ల దగ్గర మిగిలింది ఒకటే కుర్చీ. దాన్ని చూసింది, చేతిలో సీసాని చూసింది. కుర్చీ చేత్తో దులిపి, సీసాని జాగ్రత్తగా అందులో పెట్టి, "క్షమించండి, కాస్త కోపంలో ఉన్నాను" అంది. తను మాత్రం కంచం పట్టుకుని గోడకానుకుంది.

వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న అత్తయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"అయిపోయింది. దీనికీ మేనమామ పోలిక వచ్చేసింది!"